దవాఖానలో నా పేరు సారవ్వ

2011 ఆగస్టు 14, ఆదివారం

నా పేరు బండారి కొమురవ్వ. వయసు అరవై ఆరు అని కాగితాల్లో ఉంది, మా అమ్మ చెప్పిన దాని ప్రకారం ఇంకో రెండు ఎక్కువే. గోదావరిఖని తిలక్‌నగర్‌లో రెండు గదుల రేకుల ఇల్లు నాది. ఇంట్లో కొడుకు కిషన్, వెల్డింగ్ పని చేస్తాడు. కోడలు దీప. నేను. పోయిన నెల దాకా నలుగురం. నా భర్త బండారి రాయమల్లు పదిహేనేళ్లు పట్టాలంలో, ఇరవై ఏడేళ్లు బొగ్గు గనిలో చేసినవాడు, ఈ నెల మూడో తారీఖున గడ్డం గీసుకుంటూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. సగం గడ్డం మిగిలి ఉంది. అది నేనే గీశాను. సగం గడ్డంతో ఆయన ఎన్నడూ గడప దాటినవాడు కాదు.

నాకు చదువు రాదు. రాస్తున్నది పక్కింటి షాహీదా, అంగన్‌వాడీ టీచరు. ఈ డైరీ యూనియన్ వాళ్లు ఆయనకు ఇచ్చింది. ఆయన ఒక్క అక్షరం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో అదీ నాకు అనుమానమే. నా మాటలను షాహీదా బడి భాషలోకి తిప్పి రాస్తుంది. "అవ్వా, నీ తిట్లు గిట్లనే రాస్తే కాయిదం కాలిపోతది," అంటుంది. తిట్లు తీసెయ్, మాట తీయకు అన్నాను. రాసింది రాసినట్టు చదివి వినిపించాలి. ఎవరికీ చూపకూడదు. వాళ్లమ్మ మీద ఒట్టు పెట్టించుకున్నాను.

ఆయన మీద నా కేసు ఇది. పదో రోజున గోదావరి ఒడ్డుకు పోయాం. నీళ్లు మట్టిరంగులో నిండుగా ఉన్నాయి. ఆడబిడ్డ నా గాజులు పగలగొట్టింది, బొట్టు తుడిచింది. నేను ఏడవలేదు. తల ఎత్తి చూస్తే మాకు కొంచెం అవతల, నీళ్ల అంచున, ఎవరో ముసలామె ఒంటరిగా కూర్చుని తన గాజులు తనే రాయి మీద కొట్టుకుంటోంది. సన్నగా ఉంది, దగ్గుతోంది. గాజులయ్యాక మెట్టెలు తీసి నీళ్లలో వేసింది. ఆ పూట ఆ ఒడ్డున ఇంకెవరి పదో రోజూ లేదు. నా భర్తది ఒక్కటే.

దీప పోయి అడిగింది. "ఎవలవ్వా నువ్వు?"

"సారవ్వ. రామకృష్ణాపూర్. మీ మామ పదో దినానికే వచ్చిన," అన్నదట. అన్నం కూడా తినకుండా పోయింది.

ఆ పేరు దీపతో రెండుసార్లు చెప్పించుకున్నాను. ఎందుకంటే సారవ్వ నేనే.

గని మీద బతికేవాళ్లకు ఇది తెలిసిందే, కేసు కోసం చెబుతున్నాను. ఒకరి పేరున వచ్చిన నౌకరీ కాగితం పట్టుకుని ఇంకొకరు దిగడం ఆ రోజుల్లో ఉండేది. దిగినవాడికి డ్యూటీలో ఆ పేరే ఖాయం. నా భర్త ఇంట్లో రాయమల్లు, గనిలో ఆగయ్య. ఆ ఆగయ్య ఎవరో ఆయన చెప్పలేదు. ఆగయ్య భార్య సారవ్వ అని కంపెనీ కాగితంలో ఉంది. కాబట్టి కంపెనీ దవాఖానలో నేను సారవ్వను. ముప్పై మూడేళ్లుగా నర్సు ఆ పేరు పిలిస్తే లేచి పోయినదాన్ని. కడుపులో రాళ్ల ఆపరేషన్ సారవ్వకే అయింది. కోత మచ్చ మాత్రం నా ఒంటి మీద ఉంది. ఆ పేరు ఎవరో గుమాస్తా కల్పించి రాశాడనుకున్నాను. దానికి ఒక మనిషి ఉందని, ఆ మనిషి నా మొగుడికి గాజులు పగలగొట్టుకుంటుందని నాకెవరు చెప్పారు?

నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆమె ఆయనకు ఏమవుతుంది?

ఆగస్టు 15

జెండా పండుగ. మాజీ సైనికుల సంఘం నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. సంతాప సభలో చదవడానికి ఆయన గురించి నాలుగు మాటలు కావాలట. "పెండ్లాం పిల్లలే లోకంగ బతికిండు అని రాస్కుంటం అమ్మా, సరేనా?" అని అడిగారు.

ఎవరి పెండ్లాం, ఎవరి పిల్లలు అన్నది తేలనియ్యండి, అప్పుడు రాసుకోండి అన్నాను. చాయ్ తాగకుండానే లేచిపోయారు.

ఆగస్టు 19

షాహీదా అంటుంది: "మంచి మాటలు గూడ చెప్పు అవ్వా. కేసు అంటే రెండు దిక్కులా ఉండాలె."

సరే, చెబుతాను. పట్టాలం నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా పొద్దున ఐదుకే లేచేవాడు. దుప్పటి నాలుగు మూలలు కలిపి మడిచేవాడు. కిషన్ బడికి పోయినన్నాళ్లు వాడి బూట్లకు తనే పాలిష్ పెట్టాడు. చెంబులో నిప్పులు పోసి వాడి చొక్కా ఇస్త్రీ చేసేవాడు. వాడలోని మగవాళ్లు నవ్వితే, "చొక్కా ముడత పడితె కొడుకు గాదు, నాయిన సిగ్గుపడాలె," అనేవాడు. తాగలేదు. నా మీద చెయ్యి ఎత్తలేదు. నేను ఎత్తాను, రెండుసార్లు. ఆయన కుడి భుజం వెనక, డెబ్బై ఒకటి యుద్ధంలో దిగిన ఇనుప ముక్క పెసరగింజంత ఉండేది. చలికాలం అది సలిపితే నేను ఆముదం రాసేదాన్ని. డాక్టరు తీస్తానన్నా ఒప్పుకోలేదు. "ఉండనియ్యి, కిరాయి అడుగుతలేదు గదా," అనేవాడు.

ఇంత మంచితనం ఎందుకు? ఇప్పుడు అదే ఆలోచిస్తున్నాను. తప్పు చేసిన మగవాడే ఇంట్లో అణిగి ఉంటాడు.

నెలకు ఒక ఆదివారం, మొదటిది, సంచి భుజాన వేసుకుని పోయేవాడు. ఎక్కడికి అంటే, "పట్టాలం దోస్తు ఇంటికి." ఆ దోస్తు మా ఇంటికి ఒక్కసారీ రాలేదు. ముప్పై మూడేళ్లలో అది నాకు వింతగా అనిపించలేదు. ఎందుకు అనిపించలేదు? ఇది రాయకు.

(రాసింది. చదివి వినిపించింది. ఉండనిమ్మన్నాను.)

ఆగస్టు 23

ట్రంకు పెట్టె అడుగు దాకా వెతికాను. ఉత్తరం లేదు, ఫోటో లేదు. ఏమీ దొరకలేదంటే గట్టిగానే దాచాడు.

ఆగస్టు 30

కంపెనీ ఆఫీసుకు పిలిచారు. ఆగయ్య పోయాడు కాబట్టి సారవ్వ పేరున కొత్త దవాఖాన కార్డు చేయాలట. ఫోటో తెచ్చి, ఆగయ్య భార్యను నేనే అని వేలిముద్ర వేయాలి. దసరా లోపు గడువు. నా గుండెకు రోజుకు మూడు గోలీలు. గాలి ఆడక పోయిన ఏడాది రెండుసార్లు అదే దవాఖానలో పడుకున్నాను. కార్డు లేకపోతే లోపలికి రానియ్యరు.

ఇంటికొచ్చి కిషన్‌ను అడిగాను. "ఆమె వచ్చి సారవ్వ నేనే అంటె నా గతి ఏందిరా?"

"ముందు నువ్వు వేలు పెట్టు. ఆమె సంగతి తర్వాత," అన్నాడు.

"మీ నాయినకు ఇద్దరు పెండ్లాలు, నీకేం పట్టదా?"

"అవ్వా, నాయిన పేరు సర్టిఫికెట్ల రాయమల్లని ఉంది, బొగ్గుబాయిల ఆగయ్య అని ఉంది. ఆగయ్య కొడుకువు కాదు పొమ్మని నాకు నౌకరీ రాలే. గప్పుడే పట్టించుకున్న. ఇగ ఓపిక లేదు."

నా కొడుకుకు రాని నౌకరీ ఆమె పిల్లలకు వచ్చిందేమో. అదీ కనుక్కోవాలి.

సెప్టెంబర్ 4

నెల మొదటి ఆదివారం. పొద్దంతా గుమ్మంలో కూర్చున్నాను. ఆమె కూడా ఆయన కోసం ఎదురు చూస్తూ ఇట్లాగే కూర్చుని ఉంటుంది. కూర్చోనీ.

సెప్టెంబర్ 6

కుతుబుద్దీన్‌ను పిలిపించాను. నా భర్త షిఫ్టులోనే ఇరవై ఏళ్లు చేసినవాడు, చావుకు పాడె మోసినవాడు. మెట్టు మీద కూర్చుని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మర్దీ, సారవ్వ ఎవరు?"

"నువ్వే గదా వదినా," అన్నాడు.

"నవ్వులాటకు పిలవలే. రామకృష్ణాపూర్ సారవ్వ."

టోపీ తలకు పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "అన్న ఒట్టు పెట్టిచ్చుకున్నడు. నేను చెప్ప. పోయి ఆమెనే అడుగు. పెద్ద బజార్ల రేషన్ దుకాణం ఎనుక, ఒంటి గది ఇల్లు."

"నీకు ఇల్లు గూడ తెలుసన్నట్టు."

"ఒక్కసారి అన్నకు జరం వస్తె సంచి నేనే మోసుకపోయిన."

"నాకు ఎందుకు చెప్పలేదు ఆ మనిషి?"

కుతుబుద్దీన్ కొంచెం జరిగి కూర్చున్నాడు, నా చెయ్యి అందకుండా. "కోపం చెయ్యకు వదినా. నీకు చెప్తె తెల్లారేసరికి గోదావరిఖని మొత్తానికి తెలుస్తదని భయం."

అదీ ఆయనకు నా మీద ఉన్న నమ్మకం.

సెప్టెంబర్ 13

సమ్మె. గని దిగేవాళ్లు దిగడం లేదు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. ఆఫీసు మూత. తెలంగాణ వచ్చేదాకా ఇంతే అంటున్నారు. వేలిముద్ర గడువు సమ్మె అయ్యేదాకా జరిగినట్టేనని షాహీదా కనుక్కుని వచ్చింది. మంచిదే. ఈ లోపల నా పంచాయితీ నేను తేల్చుకుంటాను.

సెప్టెంబర్ 21

బస్సులు బందు. షాహీదా తమ్ముడు అతీక్ ఆటోలో షాహీదాను వెంటబెట్టుకుని పోయాను. గోదావరి బ్రిడ్జి దగ్గర రాళ్లు అడ్డం పెట్టి కూర్చున్నారు. ఒకాయన ఆటోలోకి తొంగి చూసి వెనక్కి కేక వేశాడు. "మిలిటరీ రాయమల్లు పెండ్లాంరా, తొవ్వ ఇడువుండ్రి." నాతో అన్నాడు: "బాయిల పైకప్పు కూలినప్పుడు నన్ను గుంజింది ఆయనే పెద్దమ్మా. నా తర్వాత ఇంకొకని కోసం మళ్ల లోపలికి పోయిండు." ఈ సంగతి ఆయన నాకు ఎన్నడూ చెప్పలేదు. ఇంకా ఎన్ని చెప్పలేదో అనుకున్నాను.

ఆమె ఇంటి ముందు బీడీలు చుడుతూ కూర్చుని ఉంది. నన్ను చూసి చాట పక్కన పెట్టింది. "వస్తవని తెలుసు అక్కా. లోపలికి రా," అంది.

"నేను నీ ఇంట్ల నీళ్లు గూడ తాగ. ఒక్కటే అడుగుత. నా మొగని భుజం ఎనుక ఏముంది?"

దారి పొడుగునా సిద్ధం చేసుకున్న ప్రశ్న అది. జవాబు చెప్పిందా, దొరికిపోయినట్టే.

ఆమె నా మొహంలోకి చూసింది. "నాకేం ఎర్క? ఆయన అంగీ ఇప్పంగ నేనెన్నడు సూడలే. గడప లోపలికి ఆయన రాలే. నువ్వు నిలబడ్డవు సూడు, గా బండ మీదనే కూసునేది. సంచిల తెచ్చింది దించేది, చెంబు నీళ్లు తాగేది, పోయేది."

"మరి గాజులెందుకు పగలగొట్టుకున్నవు?"

"నా మొగనికి," అంది.

అప్పుడు చెప్పింది. షాహీదా వింటోంది కాబట్టి ఇది తప్పు లేకుండా రాస్తుంది.

ఆగయ్య, నా భర్త ఒకే పట్టాలంలో చేశారు, ఊళ్లు వేరు. డెబ్బై ఎనిమిదిలో ఇద్దరూ పట్టాలం నుంచి వచ్చేసి ఇంట్లోనే ఉన్నారు. గని నౌకరీకి ఇద్దరూ పెట్టుకున్నారు. నా భర్తను వయసు దాటిందని వెనక్కి పంపారు. ఆగయ్యను ఎంపిక చేశారు. కాగితం ఇంకా రాలేదు. ఆ వర్షాలకు ప్రాణహితలో పడవ బోల్తా పడి ఆగయ్య పోయాడు. శవం దొరకలేదు.

"తొమ్మిదో రోజు పొద్దున పోస్టుమ్యాన్ నౌకరీ కాయిదం తెచ్చిండు," అంది సారవ్వ. "తెల్లారితె పదో రోజు. నేను ఐదు నెలల కడుపుతోని ఉన్న. ఆడిదాన్ని బాయిల దించుకోరు. రాయమల్లన్న వాకిట్ల కూసోని ఉండె, మీ ఇంట్ల గింజ లేదని నాకు ఎర్కనే. ఆ కాయిదం నేనే ఆయన చేతుల పెట్టిన. 'నువ్వు దిగన్నా, నా బిడ్డను సూడు' అన్న. కాని నౌకరీ నిలవాలంటె ఆగయ్య బతికుండాలె గదా? ఆగయ్య బతికుంటె నేను ముండమోసిదాన్ని ఎట్లయిత? పదో రోజు చెయ్యలే. ఊరు ఇడిసి ఈడికి మా నాయిన దగ్గరికి వచ్చిన. ముప్పై మూడేండ్లు బొట్టు పెట్టుకున్న, గాజులేస్కున్న. సచ్చిన మొగనికి ఒక్క పూట గట్టిగ ఏడువలే. రాయమల్లన్న పోయిండని తెలిసిన్నాడు, కాయిదంల ఆగయ్య గూడ పోయిండు. ఇగ నాకు అడ్డమేంది?"

ఆమే మళ్లీ అంది, దగ్గు మధ్యలో, కొంచెం నవ్వుతూ:

"ఈ వాడల అందరేమనుకున్నరో తెలుసా అక్కా? నా మొగడు నన్ను ఇడిసిపెట్టి ఖనిల ఎవతెనో ఉంచుకున్నడని. గా ఎవతె నువ్వే."

"నోరు పడిపోను! నన్నా?"

"నిన్నే. ఎన్ని శాపనార్థాలు పెట్టిండ్రో నీకు."

"ఆ దగ్గుకు మందు వాడుతలేవా?" అని షాహీదా అడిగింది.

"ఏడికి పోవాలె బిడ్డా? కంపెనీ దవాఖాన గిక్కడనే ఉంది. సారవ్వ అని పేరు చెప్తె, సారవ్వ ఖనిల సూపిచ్చుకుంటది గదా అంటరు. ఒక్క పేరు మీద ఇద్దరం ఎట్ల పోతం?" అని నా వైపు తిరిగింది. "నీ మొగణ్ణి నేను తీస్కోలే అక్కా. నా పేరు నువ్వు తీస్కున్నవు."

నాతో ఇంత మాట అని బతికి బట్టకట్టినవాళ్లు లేరు. నేను ఆటో ఎక్కాను.

సెప్టెంబర్ 22

నమ్మను. కథలు అందరికీ వస్తాయి.

సెప్టెంబర్ 23

కుతుబుద్దీన్ దగ్గరికి నేనే నడిచిపోయాను. సారవ్వ చెప్పింది మొత్తం చెప్పాను. "అన్ని నిజాలే వదినా," అన్నాడు. సారవ్వ కూతురు సంతోషిని టీచరు ట్రైనింగ్ దాకా చదివించింది ఆయనేనట. మందమర్రిలో ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. గని నౌకరీ ఎవరికీ రాలేదు.

"ఇద్దరు ముసలోళ్లు కలిసి చెప్తే అబద్ధం నిజమైతదా?" అన్నాను.

"వదినా, నీకు ఏం దొరకాలె? సవతి దొరకాలెనా?"

ఇంటికొచ్చి దీప మీద అరిచాను, ఉప్పు ఎక్కువైందని. ఆ రోజు వండింది నేను.

సెప్టెంబర్ 28

వీధిలో బతుకమ్మ ఆడుతున్నారు. నేను లోపలే ఉన్నాను. ఆమె ముప్పై మూడేళ్లు పోయి ఆడి ఉంటుంది. ఆడకపోతే వాడలో అనుమానం వస్తుంది కదా. మొగుడు నీళ్లలో పోయిన మనిషి, పూలు నీళ్లలో వదిలి వచ్చి ఉంటుంది.

ఇవ్వాళ గాలి సరిగా ఆడలేదు. గోలీలు ఇంకో పదిరోజులకే ఉన్నాయి.

అక్టోబర్ 2

ఆయన మీద కోపం తగ్గలేదు. అది ఈ డైరీలో ఉండాలి. పరాయి ఆడదాని గుట్టు దాచాడు, మంచిదే. నా దగ్గర దాచాడు. ఏళ్ల తరబడి నా పక్కన పడుకుని, నన్ను బయట సారవ్వా అని పిలుస్తుంటే విని ఊరుకున్నాడు. ఎన్నడూ ఆయన నోటితో మాత్రం ఆ పేరు పిలవలేదు. దవాఖాన వరండాలో కూడా "ఓ కొమురూ" అనేవాడు, మెల్లగా, చెవి దగ్గర. పక్కవాళ్లు వింటారని నేనే తిట్టేదాన్ని.

ఇక్కడ రాత ఆపమన్నాను.

అక్టోబర్ 18

సమ్మె ఆగింది. ఆఫీసు తెరిచారు. కిషన్ నా ఫోటో తీయించుకుని వచ్చాడు. "రేపు పోదాం అవ్వా, ఒక్క వేలు. అయిపోతది."

నేను అతీక్‌ను ఆటో తెమ్మన్నాను. రామకృష్ణాపూర్‌కు.

అక్టోబర్ 20, గురువారం

సారవ్వ వెంట రానంది. "ఇన్నేండ్లు కానిది ఇప్పుడెందుకు అక్కా? నీకు గుండె బాగలేదట, కుతుబన్న చెప్పిండు. నువ్వే ఉంచుకో."

"నీ పేరు నాకెందుకే? మోసి మోసి నడుము పడిపోయింది. లే."

ఆఫీసు గుమాస్తా నన్ను చూసి, "దా సారవ్వమ్మా, వేలు పెట్టు," అన్నాడు. నేను పక్కకు జరిగి ఆమెను ముందుకు నెట్టాను. "సారవ్వ ఈమె. ఆగయ్య పెండ్లాం."

అతను పాత కార్డు చూశాడు, నన్ను చూశాడు. "మరి దీని మీద బొమ్మ నీదే గదా పెద్దమ్మా?"

"బొమ్మ తప్పు పడ్డది. సరిచెయ్యి."

మా వెంట వచ్చిన కుతుబుద్దీన్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కిషన్ తల పట్టుకున్నాడు. గుమాస్తా పెన్ను మూత పెట్టి, తీసి, చుట్టూ చూశాడు. అప్పుడు గొంతు తగ్గించి అన్నాడు: "మా నాయిన అసలు పేరేందో నాకు పదో తరగతిల తెలిసింది పెద్దమ్మా." పాత బొమ్మ తీసి డ్రాయర్‌లో పడేశాడు. సారవ్వ ఫోటో అంటించాడు. ఆమె వేలు పట్టి తనే సిరా మీద అద్దాడు.

ఆమె వేసిన ముద్రలో అబద్ధం లేదు. ఆ ఆగయ్యకు ఆమె భార్యే.

బయటికొచ్చాక కిషన్ అరిచాడు. "రేపు నీకు గాలి ఆడకపోతె ఏడికి తీస్కపోవాలె?"

"కరీంనగర్ల మిలిటరోళ్ల దవాఖాన లేదా? పట్టాలం కాయిదాలల్ల నా పేరు నా పేరే."

"గంటన్నర తొవ్వ అవ్వా!"

"బతికుంటె పోత. ఆడ కొమురవ్వా అని పిలిస్తె లేచి పోత."

సంతాప సభ వాళ్లకు కబురు పంపాను, వచ్చి రాసుకోండని. ఇదీ నేను చెప్పదలచింది: బండారి రాయమల్లు రెండు గడపలు కాపాడాడు, ఒక్కదానిలోనే ఉన్నాడు. ఆయన మీద నా ఫిర్యాదు ఒకటి ఉంది, నాకు చెప్పలేదని. దాన్ని వెనక్కి తీసుకోవడం లేదు. మిగతా అనుమానాలన్నీ కొట్టేశాను.

షాహీదా మొత్తం చదివి వినిపించింది. నేను అన్నవే ఉన్నాయి, తిట్లు తప్ప. ఇన్నేళ్లు ఈ వేలు కంపెనీ కాగితాల మీద సారవ్వదిగా పడింది. ఇక్కడ నాదిగా వేస్తున్నాను.

బండారి కొమురవ్వ, రాయమల్లు భార్య — ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
షాహీదా, అంగన్‌వాడీ టీచరు, రాసినవారు (సంతకం)
కుతుబుద్దీన్, రిటైరైన గని కార్మికుడు (సంతకం)
సారవ్వ, ఆగయ్య భార్య (వేలిముద్ర)